'వాల్-ఇ' చిత్రంలో ఎముకల క్షీణత

ఆండ్రూ స్టాంటన్ దర్శకత్వంలో 2008లో వెలువడిన 'వాల్-ఇ' అనే అమెరికన్ బొమ్మల చిత్రంలో మానవులు భూమిని విడిచి, 700 సంవత్సరాలుగా 'ఆక్సియం' అనే రోదసీ నౌకలో నివసిస్తూ ఉంటారు. తిండి, కాలక్షేపం అన్నీ తేలే కుర్చీలలోనే. నడక మరచి అందరూ స్థూలకాయులయ్యారు. గురుత్వం తక్కువైనందున ఎముకలు కొంత క్షీణించి ఉండవచ్చునని నౌకాధిపతికి ఒక పాత సందేశం తెలుపుతుంది.

ఈ కారణం సరియైనది కాదు. నౌక ఒరిగినప్పుడు ప్రయాణికులందరూ ఒకే వైపునకు జారిపడతారు. అనగా నౌకలో వారికి బరువున్నది. కనుక దోషం భారరహిత స్థితిది కాదు, కుర్చీది.

అయితే రెండింటి ఫలితమూ ఒక్కటే. ఎముకలో పాత పదార్థాన్ని కరిగించే కణాలూ, కొత్తదానిని పేర్చే కణాలూ నిత్యం పనిచేస్తుంటాయి. ఎముకపై భారం తగ్గితే కరిగించే కణాలది పైచేయి అవుతుంది. పనిలేని కండరం సన్నబడుతుంది. రోదసిలో తుంటి ఎముక సాంద్రత నెలకు సుమారు 1 శాతం తగ్గుతుంది. 1970లో సోయుజ్-9లో 18 రోజులు గడిపి దిగిన నికొలాయెవ్, సెవాస్త్యానొవ్‌లు ఇతరుల సాయం లేక నడవలేకపోయారు. అందుచేతనే నేటి వ్యోమగాములు దినమునకు సుమారు రెండు గంటలు వ్యాయామం చేస్తారు.

ఇట్టి వ్యాయామమేదీ ఎరుగని ఆక్సియం వాసులు భూమిపై దిగగానే కొంచెం తూలి నడక సాగించడం నమ్మశక్యం కాదు. అయినను, కదలని దేహం క్షీణిస్తుందనే మూలసత్యాన్ని చిత్రం చక్కగా చూపినది. దీనిని తరగతిలో ప్రదర్శించే ఉపాధ్యాయులు "ఆ నౌకలో బరువున్నదా?" అని విద్యార్థులను ప్రశ్నించడం మంచిది.