జీపు వెనక ఇరుసు ఊడదీసే పని

పాడేరు, రంపచోడవరం వైపు కొండదారుల్లో సర్వీసు జీపు ఎక్కినవాళ్లకు దాని వెనక ఇరుసు మీద ఎంత బరువు పడేదో వేరే చెప్పక్కర్లేదు. లోపల ఇరుకు, వెనక మెట్టు మీద వేలాడేవాళ్లు, టాపు మీద మూటలు. అలా అరిగిన పాత మహీంద్రాలు కొన్ని ఇప్పుడు ముచ్చటపడి కొనుక్కున్నవాళ్ల పెరళ్లకు చేరాయి. వాటిని ఇంటి దగ్గరే విప్పి బిగించుకునే అలవాటూ వాటితోనే నిలిచింది. ఇంజను పనికి ఉన్నంత పేరు ఇరుసు పనికి లేదు గానీ, పనితనం బయటపడేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఈ జీపుల మూలం అమెరికాలోని విల్లీస్-ఓవర్‌ల్యాండ్ కంపెనీ. మహీంద్రా 1940ల చివర్లో విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. సీజే-3బి మోడల్ అమెరికాలో 1968లో ఆగిపోయినా, ఇక్కడ ఆ తర్వాత కూడా తయారైంది.

యుద్ధకాలపు విల్లీస్ ఎంబీలో పని సులువు. ఎద్దుబండిలో ఇరుసు కదలదు, దాని మీద చక్రం తిరుగుతుంది. ఎంబీలో హబ్బు కూడా అలాగే హౌసింగ్ చివర బేరింగుల మీద తిరుగుతుంది. బండి బరువు హౌసింగే మోస్తుంది, లోపలి షాఫ్టు చక్రాన్ని తిప్పడానికే. అంచున ఉన్న ఆరు బోల్టులు తీస్తే, చక్రం నేల మీద ఉండగానే షాఫ్టు బయటికి వస్తుంది. సీజే-3బి సంగతి వేరు. ఇందులో చక్రాన్ని తిప్పేదీ, ఆ మూల బరువు మోసేదీ ఒకే షాఫ్టు. అది విరిగితే చక్రమే బండిని వదిలి వెళ్లిపోగలదు. అందుకే దీన్ని తీసి చూడటం తీరిక పని కాదు, అవసరం.

మొదటి చిక్కు హ్యాండ్ బ్రేకు. సీజే-3బిలో అది చక్రాల దగ్గర ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టి ఉంచుతుంది. జాకీతో ఒక వెనక చక్రం లేపగానే ఆ పట్టు పోతుంది. గాలిలో ఉన్న చక్రం ఒకవైపు తిరుగుతుంటే, డిఫరెన్షియల్ పుణ్యమా అని నేల మీదున్న చక్రం రెండోవైపు దొర్లుతుంది. లివరు పూర్తిగా లాగి ఉన్నా సరే, బండి కదులుతుంది. కాబట్టి చదునైన గట్టినేల చూసుకుని ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టాలి. పైకి లేపాక హౌసింగ్ కింద స్టాండ్లు ఉండాలి. జాకీ లేపడానికే, దాన్ని నమ్మి కింద దూరకూడదు.

షాఫ్టు చివరి పెద్ద నట్టును మాత్రం చక్రం నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి. స్ప్లిట్ పిన్ను పీకి, పొడవాటి పైపు తొడిగిన పానాతో లాగితే కదులుతుంది. ఆ తర్వాత చక్రం విప్పి, బ్రేకు షూలు వెనక్కి సడలించాలి. లేకపోతే అరిగిన డ్రమ్ము అంచు షూలకు తట్టుకుని రానంటుంది.

ఇక అసలు పని హబ్బు. షాఫ్టు చివర కోసుగా సన్నబడుతుంది, హబ్బు లోపలి రంధ్రమూ అంతే. నట్టు బిగింపుకు రెండూ ఒకదానిలో ఒకటి కూరుకుపోతాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంటే నట్టు తీసినంత మాత్రాన హబ్బు రాదు. కొందరు షాఫ్టు కొన మీద సుత్తితో బాదుతారు. మర చెడుతుంది, లోపలి బేరింగులకూ దెబ్బ. డ్రమ్ము అంచును కాళ్లతో పట్టే పుల్లరూ వద్దు, డ్రమ్ము వంగుతుంది. చక్రపు బోల్టులకే బిగించుకునే పుల్లర్ కావాలి. నట్టు పూర్తిగా తీసేయకుండా షాఫ్టు కొనతో సమంగా ఉంచి, పుల్లర్ మధ్య స్క్రూ బిగించి, దాని పిడికి సుత్తితో గట్టిగా ఒక దెబ్బ. కదలకపోతే ఆ బిగువులోనే వదిలేసి భోజనానికి వెళ్లొచ్చు. ఎప్పుడో ఒకప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడుతో వదులుతుంది. హబ్బు ఎగిరి కాళ్ల మీద పడకుండా ఆపేది ఆ మిగిల్చిన నట్టే.

తర్వాత కీ తీసి, బ్రేకు పైపు విప్పి, బ్యాకింగ్ ప్లేటు బోల్టులు తీస్తే దాని వెనక కాగితాల్లాంటి పలచని షిమ్ములు కనిపిస్తాయి. తొందరపాటుకు శిక్ష ఇక్కడే పడుతుంది. రెండు షాఫ్టులూ డిఫరెన్షియల్ మధ్యలోని దిమ్మెకు చెరోవైపు ఆనుతాయి, వాటి ఆటను నిర్ణయించేవి ఈ షిమ్ములు. ఆట బొత్తిగా లేకపోతే బేరింగు కాలుతుంది, ఎక్కువైతే మలుపుల్లో ఇరుసు టకటకమంటుంది. ఎడమవి ఎడమ కట్టగా, కుడివి కుడి కట్టగా తీగతో గుచ్చి పెట్టుకోవాలి. బేరింగు కొత్తదైతే పాత లెక్క చెల్లదు. లేతు షాపులో డయల్ గేజి అడిగి తెచ్చుకుని మళ్లీ కొలవాలి.

షాఫ్టు బేరింగుతో సహా బయటికి వచ్చాక వెలుతురులో పెట్టి చూడండి. పళ్లు తిన్నగా లేక మెలితిరిగి ఉంటే అది ఎన్నో లోడ్లు లాగిన గుర్తు, దాన్ని మళ్లీ ఎక్కించవద్దు. కీ గాడి మూలల్లో వెంట్రుకంత బీట ఉన్నా అంతే. కారిన నూనె పాలలా తెల్లబడితే లోపలికి నీరు చేరింది, మెరుస్తుంటే పళ్లు అరుగుతున్నాయి. ఆయిల్ సీళ్లు ఎలాగూ మార్చాల్సిందే.

బిగించేటప్పుడు కోసు భాగం నూనె, గ్రీజు లేకుండా తుడవాలి, బ్రేకుల్లో గాలి తీయాలి. నట్టు చాలినంత బిగించాక పిన్ను రంధ్రం కుదరకపోతే వెనక్కి వదలకూడదు, ఇంకా బిగించే కుదర్చాలి. కొద్ది దూరం నడిపి వచ్చాక పిన్ను తీసి నట్టు మళ్లీ చూడాలి. రెండోసారి వేసే పిన్ను కూడా కొత్తదే.