పైకప్పు లేని కారులో దీపం ఎక్కడ పెట్టాలి?

మామూలు కారులో లోపలి దీపం ఎక్కడుండాలన్న ప్రశ్న ఎవరికీ రాదు. నెత్తి మీద కప్పు ఉంటుంది, దాని మధ్యలో దీపం ఉంటుంది, తలుపు తీస్తే వెలుగుతుంది. కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారుకి ఆ కప్పే లేదు. ఉన్నదల్లా మడిచి సీట్ల వెనక్కి తోసేసే గుడ్డ. రాత్రిపూట తాళంచెవి కిందపడితే, సీటు బెల్టు కొక్కెం దొరక్కపోతే, ఓనరు ఫోన్ టార్చి వెతుక్కోవాల్సిందే. ఇలాంటి కార్లకి సొంతంగా ఎల్‌ఈడీ దీపాలు బిగించుకునే అలవాటు మొదలవడానికి సోకు ఒక్కటే కారణం కాదు. అవసరం కూడా ఉంది.

ఈ అలవాటు పుష్కలంగా కనిపించేది మాజ్డా ఎంఎక్స్-5 ఓనర్లలో. అమెరికాలో ఆ కారుని మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకొచ్చింది. రెండే సీట్లు, 1.6 లీటర్ల ఇంజన్, టన్నుకి లోపు బరువు. లైటు స్విచ్చి వేస్తే బానెట్‌లోంచి పైకి లేచే రెండు గుండ్రటి హెడ్‌లైట్లు దాని గుర్తు. 2016 ఏప్రిల్‌లో పది లక్షల కారు ఫ్యాక్టరీ దాటింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ రికార్డూ దానిదే. మాజ్డా మన దేశంలో కార్లు అమ్మదు కాబట్టి హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద అది కనిపించదు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకి మాత్రం కొత్త కాదు. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో అందుబాటు ధరకి దొరికే ఓపెన్ కార్లలో అదొకటి. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వస్తే చాలు, సగం పనులు ఇంటి గరాజులోనే చేసుకోవచ్చు.

ఎల్‌ఈడీ పని అలాంటి పనుల్లో ఒకటి. పైకి పిల్లల ఆటలా కనిపిస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక స్ట్రిప్ చుట్ట కొనడం, వెనక కాగితం పీకి అతికించడం, రెండు వైర్లు కలపడం. అక్కడితో ఆగిపోయినవాళ్ల కార్లు చూస్తే, డాష్‌బోర్డు అంచున నీలి చుక్కల వరస కళ్లలో పొడుస్తూ ఉంటుంది. ఈ కాలమ్ చెప్పదలచుకున్న మాట ఒకటే. కారులో వెలుగు కనిపించాలి, బల్బు కనిపించకూడదు. పైకప్పు లేని కారులో ఈ నియమం రెండింతలు వర్తిస్తుంది. ఎందుకంటే ఆ కారు కొన్నదే రాత్రి ఆకాశం చూస్తూ పోవడానికి. లోపల వెలుగు పెరిగేకొద్దీ బయట చీకటి చిక్కబడుతుంది.

దీనికి కంటి నిర్మాణమే కారణం. చీకట్లో పనిచేసే రాడ్ కణాలు పూర్తిగా తేరుకోవడానికి అరగంట దాకా పడుతుంది. తెల్లటి, నీలి వెలుగు పడితే ఆ తేరుకున్నదంతా క్షణాల్లో పోతుంది. ఎరుపు పొడవాటి తరంగం, రాడ్ కణాలు దానికి పెద్దగా స్పందించవు. విమానాల కాక్‌పిట్‌లలో చాలాకాలం ఎర్ర దీపాలు వాడిందీ, బీఎండబ్ల్యూ తన మీటర్లకి దశాబ్దాలపాటు నారింజ రంగు వెలుగు ఇచ్చిందీ అందుకే. అంగడిలో ఎక్కువగా అమ్ముడయ్యేది నీలం. ఓపెన్ కారులో రాత్రి ప్రయాణానికి అది పనికిరాని రంగు. నారింజ లేదా పసుపు ఛాయ ఉన్న తెలుపు తీసుకుని, డిమ్మర్ పెట్టి, కాళ్ల దగ్గరి మ్యాట్ ఆనవాలు తెలిసేటంత వరకే తగ్గించుకోవాలి.

ఇక బిగించడం. మొదటి చోటు కాళ్ల దగ్గర, డాష్‌బోర్డు అడుగున. స్ట్రిప్‌ని కిందికి చూసేలా కాకుండా, ముందరి ఇంజన్ గోడవైపు చూసేలా అతికిస్తే వెలుగు ఆ గోడకి తగిలి వెనక్కి పరుచుకుంటుంది. సీట్లో కూర్చున్నవాడికి చుక్కలు కనపడవు. సన్నటి అల్యూమినియం ఛానెల్‌లో పెట్టి పైన పాల రంగు మూత వేస్తే ఇంకా మేలు.

అసలు చిక్కు వైర్ల దగ్గర మొదలవుతుంది. తలుపు తీస్తే వెలగాలి, వేస్తే ఆరాలి. అందుకని కారులో ముందే ఉన్న డోర్ లైటు వైర్లకి కలుపుతారు. తలుపు వేసి ఉండగా మల్టీమీటర్ ఎర్ర పిన్ను ఒక వైరుకి, నల్ల పిన్ను బాడీ ఇనుముకి ఆనిస్తే 12 వోల్టులు. రెండో వైరుకి ఆనించినా 12 వోల్టులే. కొత్తవాడు ఇక్కడ బోల్తా పడతాడు. తొలి మియాటా కాలపు చాలా జపాన్ కార్లలో దీపానికి ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. తలుపు స్విచ్చి తెరిచి మూసేది ఎర్త్‌ని. తలుపు తీసినప్పుడు రెండో వైరు ఎర్త్‌కి తగిలి సున్నా అవుతుంది, దీపం వెలుగుతుంది. ఇది తెలియక స్ట్రిప్ మైనస్‌ని నేరుగా బాడీ బోల్టుకి బిగిస్తే, దీపం రాత్రీపగలూ వెలుగుతూనే ఉంటుంది.

దాని ఖర్చెంతో లెక్క వేయొచ్చు. 5050 రకం స్ట్రిప్‌లో మీటరుకి 60 ఎల్‌ఈడీలుంటే అది మీటరుకి 14.4 వాట్లు తాగుతుంది. రెండు వైపులా చెరో అడుగు ముక్క అంటే సుమారు 60 సెంటీమీటర్లు, అంటే 8.6 వాట్లు, ముప్పావు ఆంపియర్ లోపు. చిన్న అంకెలాగే ఉంది. కానీ తొలితరం మియాటాలో బ్యాటరీ డిక్కీలో ఒక మూల ఒదిగే చిన్నది. 30 ఆంపియర్-అవర్లు అనుకుంటే, ఆ రెండడుగుల స్ట్రిప్ రెండు రోజులు తిరక్కముందే దాన్ని ఖాళీ చేస్తుంది. మర్నాడు ఇంజన్ తిరగదు.

వోల్టేజీ ఇంకో సంగతి. "12 వోల్టులు" అన్నది స్ట్రిప్ చుట్ట మీద రాసిన మాట. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ 12.6 చూపిస్తుంది, ఇంజన్ తిరుగుతుంటే ఆల్టర్నేటర్ దాన్ని 14.4 దాకా తీసుకెళ్తుంది. స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలు వరసగా ఉంటాయి. తెల్లవి ఒక్కొక్కటీ సుమారు 3 వోల్టులు తీసుకుంటే 9 పోతుంది, మిగిలింది రెసిస్టర్ మీద పడుతుంది. 12.6 దగ్గర ఆ మిగులు 3.6, 14.4 దగ్గర 5.4. అంటే కరెంటు దాదాపు ఒకటిన్నర రెట్లు. వెలుగు కొంత పెరుగుతుంది, వేడి మాత్రం బాగా పెరుగుతుంది. కొన్ని నెలలకి మూడేసి చుక్కలు ఆరిపోతూ పళ్లూడిన వరసలా మిగిలే స్ట్రిప్‌లకి ఇదొక ముఖ్య కారణం. 12 దగ్గర కట్టేసే చిన్న రెగ్యులేటరూ, బ్యాటరీ వైపు 2 ఆంపియర్ల ఫ్యూజూ పెడితే దీపమూ బతుకుతుంది, కారూ బతుకుతుంది. ఫ్యూజు దీపాన్ని కాపాడటానికి కాదు. వైరు ఎక్కడో ఇనుముకి రాసుకుని షార్టయితే కార్పెట్ అంటుకోకుండా ఉండటానికి.

మూసిన కార్లకి లేని ఇంకో శత్రువు ఈ కార్లకి ఉంది. నీళ్లు. గుడ్డ టాపు మీద పడ్డ వాన సీట్ల వెనక ఉన్న కాలువల్లోకి జారి కిందికి పోవాలి. ఆకులు, మట్టి చేరి ఆ కాలువలు పూడుకుపోతే నీళ్లన్నీ క్యాబిన్‌లోకే. కాబట్టి దీపాలకి ముందు ఆ కాలువలు శుభ్రం చేసుకోవాలి. నీళ్లు చొరని ఐపీ67 రకం స్ట్రిప్ కొన్నంత మాత్రాన సరిపోదు, కత్తిరించిన కొస దగ్గర ఆ రక్షణ పోతుంది. దాన్ని మళ్లీ సీలు చేయాలి. ఇక్కడ చాలామంది కిటికీలకి వాడే మామూలు సిలికాన్ పూస్తారు. వెనిగర్ వాసన వేసే ఆ రకం ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, అది రాగిని తినేస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకం వాడాలి. కీళ్లన్నిటికీ లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు తొడగాలి. ఎండలో టాపు తీసి నిలబెట్టిన కారులో నల్లటి ప్లాస్టిక్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, చవక జిగురు ఆ వేడికి కరిగి జారిపోతుంది. అతికించే చోటు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మంచి రెండువైపుల టేపు వాడి, అక్కడక్కడా క్లిప్పులు వేయడమే దీనికి మందు.

ఈ కార్లలో అన్నిటికన్నా అందమైన పని సీట్ల వెనక నిలబెట్టే గాలి అడ్డుపలక. టాపు తీసి వేగంగా పోతుంటే వెనక నుంచి సుడి తిరిగి మెడకి కొట్టే గాలిని ఆపడానికి పారదర్శకమైన అక్రిలిక్ షీటు పెడతారు. దాని అడుగు అంచుకి ఎల్‌ఈడీ వరస తాపితే వెలుగు షీటు లోపలికి వెళ్తుంది గానీ బయటికి రాలేదు. లోపలి నుంచి ముఖాన్ని తాకినప్పుడు లంబానికి 42 డిగ్రీలు మించిన కోణంలో తాకిన కిరణమంతా తిరిగి లోపలికే పోతుంది. నున్నగా ఉన్నంత మేరా షీటు ఖాళీగా కనిపిస్తుంది. ఎక్కడ గీత పడిందో అక్కడే వెలుగు బయటపడుతుంది. అందుకే ఇష్టమైన బొమ్మనో పేరునో లేజర్‌తోనో చేతి గ్రైండర్‌తోనో చెక్కుతారు. చీకట్లో ఆ గీతలు మాత్రమే గాల్లో తేలుతున్నట్టు మెరుస్తాయి. చెక్కడం వెనక ముఖం మీద చేయాలి, పొరపాటున పడిన ప్రతి గీతా కూడా వెలుగుతుంది కాబట్టి షీటుని చివరిదాకా కాగితం పీకకుండా ఉంచాలి. అంచుని నీళ్లు పోసి సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది అద్దంలా చేస్తే వెలుగు నిండుగా లోపలికి దిగుతుంది.

ఇంత బాగున్నా ఒక షరతుంది. ఆ పలక డ్రైవర్ తల వెనకే ఉంటుంది, అద్దంలో నేరుగా కనపడుతుంది. వెనకొచ్చే వాహనాల హెడ్‌లైట్లు చూడాల్సిన అద్దంలో మెరిసే బొమ్మ ఉంటే ప్రమాదం. దాన్ని కూడా డోర్ లైటు వైరుకే కలపాలి. కారు ఆగి తలుపు తీసినప్పుడు వెలుగుతుంది, కదిలేటప్పుడు ఆరిపోతుంది.

ఈ పనులన్నిటికన్నా ముందు చేయాల్సింది మాత్రం వెనక బ్రేక్ లైటు. మొదటి మియాటా ఎత్తు 1.22 మీటర్లు. అమెరికా హైవేల మీద పికప్ ట్రక్కుల మధ్య అది ఉందో లేదో తెలియదు. ఫిలమెంటు బల్బు వేడెక్కి పూర్తిగా వెలగడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది, ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఆ 0.2 సెకన్లలో వెనక బండి అయిదున్నర మీటర్లు ముందుకొస్తుంది. మియాటా పొడవే నాలుగు మీటర్లు ఉండదు. ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్‌ఈడీయే వేయాలి. తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలి చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత, దాన్లో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర గాజు మిగతాదంతా మింగేస్తే పాలిపోయిన వెలుగే మిగులుతుంది. ఇండికేటర్లలో ఇంకో చిక్కు. ఎల్‌ఈడీ వేయగానే పాత ఫ్లాషర్, బల్బు పోయిందనుకుని గబగబా కొట్టుకుంటుంది. దానికి 6 ఓమ్‌ల రెసిస్టర్ కడితే అది వెలిగినంతసేపూ 30 వాట్లకి పైగా వేడి పుట్టిస్తుంది, పక్కనున్న ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ఎల్‌ఈడీలకి తగిన ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చడం మేలు.

హెడ్‌లైట్ల సంగతి వేరు. మియాటా పైకి లేచే దీపాలు ఏడంగుళాల గుండ్రటివి, మన బుల్లెట్ బళ్లకి దశాబ్దాలుగా వస్తున్న కొలతే. హాలోజెన్ రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు ఇరికిస్తే, ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు పుట్టదు. గీత గీసినట్టు తెగాల్సిన వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. మార్చాలనుకుంటే లెన్సుతో సహా ఎల్‌ఈడీ కోసమే తయారై, నిబంధనల ముద్ర ఉన్న పూర్తి యూనిట్ వేసుకోవాలి.

కారు అడుగున వెలుగులు వేసే మోజు 2001లో వచ్చిన 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' రోజుల్లో ఊపందుకుంది. అప్పట్లో అవి నియాన్ గాజు గొట్టాలు, వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచేవి. ఇప్పుడు అంతా ఎల్‌ఈడీయే. కాలిఫోర్నియా చట్టం వెలుపలి అలంకార వెలుగుని చదరపు అంగుళానికి 0.05 క్యాండెలాకి పరిమితం చేసింది, ముందువైపు ఎరుపు కనపడకూడదంది. మన దగ్గర కూడా 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 108వ నియమం ముందుకి ఎరుపునీ, వెనక్కి ఎరుపు కాని వెలుగునీ చూపరాదంటుంది, కొద్ది మినహాయింపులతో. రివర్స్ లైటు వాటిలో ఒకటి. అంబులెన్సు, పోలీసు బండి దూరం నుంచే గుర్తుపట్టాలంటే ఆ రంగులు వాళ్లకే వదిలేయడం న్యాయం.

చివరగా, ఏ ఫ్యాక్టరీ వైరునీ కత్తిరించకూడదు. తొలితరం మియాటాలు ఇప్పుడు పాతికేళ్లు దాటిన బళ్లు, ఎక్కడా కోత పడని వైరింగ్ ఉన్నదానికి విలువ ఎక్కువ. అసలు సాకెట్‌కి సరిపోయే ప్లగ్గు జత కొని మధ్యలో అడాప్టర్‌లా పెట్టుకుంటే, అక్కర్లేదనుకున్ననాడు పీకి పక్కన పెట్టొచ్చు. పని అయ్యాక ఒక కాగితం మీద ఏ వైరు ఎక్కడ కలిసింది, దాని రంగేమిటి, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు, రెగ్యులేటర్ ఏ ప్యానెల్ వెనక ఉంది, ఏ తేదీన బిగించారు అన్నవి రాసి, ప్లాస్టిక్ కవర్‌లో వేసి, కారు మాన్యువల్‌తో పాటు గ్లవ్ బాక్సులో ఉంచాలి. ఆ కారు రేపు చేతులు మారితే, కొత్త ఓనరు డాష్‌బోర్డు విప్పే ముందు చదవాల్సింది అదే.