దోమ బలమంతా నీటి పైపొరలోనే

ఒకనాడు గోల్కొండ కోటకు తాగునీరిచ్చిన దుర్గం చెరువు చుట్టూ ఇప్పుడు హైటెక్ సిటీ భవనాలున్నాయి. నగరం పెరిగేకొద్దీ చెరువులో మురుగు చేరింది, గుర్రపుడెక్క అల్లుకుంది, దోమలు ముసిరాయి. దోమలనగానే మనకు మందే గుర్తొస్తుంది. కానీ ఏ మందైనా ఎప్పుడు, ఎక్కడ పనిచేస్తుందో తెలియాలంటే ముందు దోమకు నీటితో, గాలితో ఉన్న భౌతిక సంబంధం తెలియాలి. జీవ ద్రవగతిశాస్త్రం చెప్పేది దాని గురించే.

ఈ శాస్త్రానికి మొదటి పనిముట్టు ఒక సంఖ్య. 1883లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ గొట్టాల్లో నీటి ప్రవాహంపై చేసిన ప్రయోగాల నుంచి అది పుట్టింది. కదలికలో జడత్వం పాలెంత, స్నిగ్ధత, అంటే ద్రవపు చిక్కదనం, పాలెంత అన్నది ఆ సంఖ్య చెబుతుంది. జానెడు చేప చురుగ్గా ఈదితే అది లక్ష దాకా ఉంటుంది; బ్యాక్టీరియాకు పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. ఈదడం ఆపిన బ్యాక్టీరియా అణువంత దూరం కూడా జారకుండా ఆగిపోతుందని ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో లెక్కగట్టి చూపాడు. చేపకు పలచగా ఉన్న నీరే బ్యాక్టీరియాకు బెల్లంపాకం. రెండో పనిముట్టు సెకనుకు వేల ఫ్రేములు తీసే కెమెరా. క్యూలెక్స్ దోమ రెక్కను నలభై డిగ్రీల మేర మాత్రమే ఆడిస్తుందనీ, రెక్క వెనుక అంచున పుట్టే సుడుల నుంచి కూడా బలం తీసుకుంటుందనీ 2017లో అలాంటి కెమెరాలే బయటపెట్టాయి.

చెరువు కథకు అసలు కీలకం లార్వా దగ్గరుంది. క్యూలెక్స్ లార్వా తోకవైపున్న శ్వాసనాళాన్ని నీటి పైకి చేర్చి, నీటి పైపొర బిగువైన తలతన్యత ఆసరాతో తలకిందులుగా వేలాడుతూ గాలి పీలుస్తుంది. చేపలు చాలావరకు నీటిలో కరిగిన ఆక్సిజన్ మీదే ఆధారపడతాయి. నిశ్చలమైన నీటిలో ఆక్సిజన్ వ్యాపించే వేగం గాలిలోకన్నా దాదాపు పదివేల రెట్లు తక్కువ. ఉన్న కొద్దిపాటినీ మురుగులోని బ్యాక్టీరియా వాడేస్తుంది. గుర్రపుడెక్క కప్పేస్తే అలలు అణగి, కొత్త ఆక్సిజన్ చేరడం తగ్గుతుంది. లార్వాను తినే చేప ఊపిరాడక చస్తుంది, లార్వా బతుకుతుంది. అంటే మురుగు దోమకు మేతనివ్వడంతో ఆగదు, దాని శత్రువునూ తప్పిస్తుంది.

మురుగు ఆపితే చాలదా, ఈ లెక్కలన్నీ ఎందుకు అని అడగవచ్చు. మురుగు ఆపడమే మొదటి పని, సందేహం లేదు. అయితే అది పూర్తయ్యేలోపు ఏం చేయాలో నిర్ణయించడానికి ఈ జ్ఞానం కావాలి. ఎండ మండే వేళ ఫాగింగ్ చేస్తే వేడిగాలితో పాటు పొగ పైకి పోతుంది. గాలి నిలకడగా ఉండే సంధ్యవేళ నేలను అంటి ఉంటుంది. అప్పుడైనా ఎగిరే దోమలే చస్తాయి, లార్వాలు కావు. నీటిపై నూనె పొర తలతన్యతను తగ్గించి లార్వాను ముంచేస్తుంది గానీ, చెరువంతా నూనె పోస్తే ఇతర జీవులకూ ముప్పే. భౌతికశాస్త్రం ఒక్కటే జీవిని వివరించలేదన్న అభ్యంతరమూ సరైనదే. మందుకు దోమ అలవాటుపడటం జన్యువుల కథ. కానీ ఏ జన్యువూ తలతన్యతను, స్నిగ్ధతను రద్దు చేయలేదు; వాటికి లోబడే జీవి బతకాలి.

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. అలాంటి చరిత్ర ఉన్న మన నగరం పొగ యంత్రంతో సరిపెట్టుకోకూడదు. మురుగును మళ్లించాలి, గుర్రపుడెక్కను తీసేయాలి, నీటిలో ఆక్సిజన్‌ను క్రమం తప్పక కొలవాలి. చేప బతికే చెరువునే మనం కోరుకోవాలి.