అతిథి రాసిన భోజనాలు

కిందటేడు వేసవిలో ఫ్రాన్స్‌లో, బర్గండీ ప్రాంతంలోని బోన్ పట్టణానికి దగ్గర్లో ఒక పల్లెలో నాలుగు రోజులున్నాం. వెళ్లేముందు బ్యాగులో పడేసుకున్న పుస్తకం పీటర్ మేల్ ‘ఎ ఇయర్ ఇన్ ప్రొవాన్స్’. ఆ పుస్తకం దక్షిణాన ఉండే ప్రొవాన్స్ గురించి, నేను వెళ్తున్నది బర్గండీకి. అయినా ఫ్రెంచి పల్లెలో సెలవులంటే ఎలా ఉండాలో అందరికీ నేర్పిన పుస్తకం కదా, పనికొస్తుందిలే అనుకున్నాను. పనికొచ్చింది. ఎలా అన్నదే చెప్పాలి.

1989లో వచ్చిందీ పుస్తకం. లండన్‌లో అడ్వర్టయిజింగ్ ఉద్యోగం వదిలేసిన ఒక ఇంగ్లీషాయన, భార్యతో కలిసి లుబెరొన్ కొండల దగ్గర మెనెర్బ్ అనే ఊళ్లో పాత రాతి ఇల్లు కొనుక్కుంటాడు. నెలకొక అధ్యాయం, మొత్తం పన్నెండు. కొత్త సంవత్సరం రోజు హోటల్లో మధ్యాహ్న భోజనంతో మొదలవుతుంది, క్రిస్మస్ రోజు ఇంట్లో కరెంటు పోయి మళ్లీ హోటల్‌కే వెళ్లి తినడంతో ముగుస్తుంది. మధ్యలో చలిగాలి, పగిలిన నీళ్ల పైపులు, ఏడాదంతా సాగే వంటింటి రిపేర్లు, లెక్కలేనన్ని భోజనాలు.

చదువుతుంటే ఆకలేస్తుంది, నిజం. కానీ మేల్ రుచుల వర్ణనలు నాకు అంతగా గుర్తులేవు. గుర్తున్నవి మాటలు. మాంసం కొనడానికి వెళ్తే కొట్టతను అది వండే పద్ధతంతా చెప్పి గాని వదలడు. ప్లంబర్ దగ్గర్నుంచి పొరుగాయన దాకా ప్రతివాడికీ తిండి మీద ఒక అభిప్రాయం, అది తప్పంటే కోపం. నక్కని ఎలా వండాలో చెప్పేవాడు కూడా ఉన్నాడు. వాళ్లకి తిండి సెలవుల సరదా కాదు, రోజూ చేసే వాదన. అది పట్టుకోవడం మేల్ గొప్పతనం.

చిక్కు ఇంకోచోట ఉంది. ఇంటితోపాటు అతనికి ద్రాక్షతోట కూడా వచ్చింది. దాన్ని సాగుచేసేది ఫోస్తాన్ అనే పొరుగు రైతు. కొత్త తీగలకి డబ్బు మేల్‌ది, చాకిరీ ఫోస్తాన్‌ది. ఆదాయంలో రెండు వంతులు రైతుకి, ఒక వంతు యజమానికి. మనకి బాగా తెలిసిన పాలికాపు లెక్కే. పుస్తకంలో ఫోస్తాన్ ఎప్పుడూ వాతావరణం గురించి దిగులుపడే మనిషి. మేల్‌కి అదొక నవ్వులాట. నాకు నవ్వు రాలేదు. వాన గురించి రైతు దిగులుపడటంలో జోకేముంది? ఆ దిగులులోంచి వచ్చిన వైనే కదా ఈయన గ్లాసులో ఉన్నది.

వేసవి అధ్యాయాల్లో ఇంగ్లండ్ నుంచి పిలవని చుట్టాలు దిగినప్పుడు మాత్రం మేల్ స్వరం మారుతుంది. విసుగు, చిరాకు. ఆతిథ్యం అంటే పని అని ఆయనకి తెలిసొచ్చేది అప్పుడే. పుస్తకం హిట్టయ్యాక పాఠకులే టూరిస్టులై ఆయన గేటు దాకా వచ్చారు. ఆ తాకిడికి ఆయన ఆ ఇల్లే వదిలి వెళ్లాల్సి వచ్చింది. జీవితాంతం అతిథిగా ఉందామనుకున్నవాణ్ణి పాఠకులు హోస్టుగా మార్చేశారు.

దీనికి పక్కన పెట్టి చదవాల్సిన రచన ఇంకొకటుంది. అమెరికన్ రచయిత్రి ఎం.ఎఫ్.కె. ఫిషర్ 1943లో ‘ద గాస్ట్రొనామికల్ మీ’ అనే పుస్తకం వేసింది. అందులో ‘డిఫైన్ దిస్ వర్డ్’ అని ఒక అధ్యాయం. బర్గండీలో ఒంటరిగా నడుచుకుంటూ పోతున్న ఆమె, పాత మిల్లులో పెట్టిన ఒక హోటల్‌కి చేరుతుంది. తేలిగ్గా ఏదో తిందామనుకుంటుంది. కానీ వడ్డించే అమ్మాయి వదలదు. ఒకదాని తర్వాత ఒకటి తెస్తూనే ఉంటుంది. వండబోయే చేపని బతికుండగానే తెచ్చి చూపిస్తుంది. తినడం ఆపితే ఆ అమ్మాయి ఏమనుకుంటుందో అని ఫిషర్‌కి నిజంగానే భయమేస్తుంది.

కొసరి కొసరి వడ్డించే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఈ భయం కొత్త కాదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా ఆగని అమ్మమ్మలు మనకూ ఉన్నారు. ఫిషర్ చూసింది అదే: పెట్టేవాళ్లకి కూడా ఒక ఆకలి ఉంటుంది. ఆ భోజనంలో అధికారం తినేమనిషిది కాదు, వడ్డించేమనిషిది. అయితే ఫిషర్ కథలోనూ వంటవాడు గోడ వెనకాలే ఉండిపోతాడు. పేరు వినిపిస్తుంది, మనిషి కనపడడు.

ఫ్రెంచివాళ్ల భోజన పద్ధతిని యునెస్కో 2010లో వారసత్వ జాబితాలో చేర్చింది. భోజనానికి ముందు ఒక డ్రింక్, తర్వాత ఒక డ్రింక్, మధ్యలో కనీసం నాలుగు వాయిలు. మేమున్న ఇంట్లో మొదటి రాత్రి అచ్చంగా అదే వరస. ముందు నల్ల కరెంట్ పళ్ల లిక్కరు కలిపిన తెల్ల వైను, దాన్ని కీర్ అంటారు. తర్వాత ఎర్ర వైను పులుసులో తేలే గుడ్లు. మా ఇంటి కోడిగుడ్డు పులుసుకి అలవాటుపడ్డ నాలుకకి చింతపండు లేని ఆ పులుపు మొదట వింతగా, రెండో ముద్దకి బాగా నచ్చింది. చివర్లో ఎపువాస్ అనే జున్ను. ద్రాక్షపిప్పి నుంచి తీసిన సారాతో కడుగుతూ మాగబెడతారు. వాసనకి మా ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు, తర్వాత రెండుసార్లు వేయించుకున్నాడు.

ఇంటికొచ్చాక ఫోన్ చూస్తే అరవై దాకా ప్లేట్ల ఫొటోలున్నాయి. ఒక్కదాంట్లో గిన్నె అంచు మీద ఆ ఇంటావిడ బొటనవేలు పడింది. అంతే. నాలుగు రోజులు మాకు వండి పెట్టిన మనిషిని పులుసు ఎలా చేశారని ఒక్కసారీ అడగలేదు. నా ఫ్రెంచి అంతంతమాత్రమే, నిజమే. ఆవిడకి ఇంగ్లీషు వచ్చు మరి.

మేల్ అయితే అడిగేవాడు. ఆయన మీద ఇన్ని ఫిర్యాదులు చేసిన నేను ఇది కూడా ఒప్పుకోవాలి. కూలీ లెక్క, రైతు దిగులు ఆయనకి పట్టలేదు, కానీ ఎవరేం చెప్పినా చెవి పెట్టి విన్నాడు. పుస్తకం చివర్లో, రిపేరు పని పూర్తయ్యేందుకు వేసిన ఎత్తే అయినా, పనివాళ్లని భార్యలతో సహా పార్టీకి పిలుస్తారు. ఆ ఒక్క సాయంత్రం పనిచేసేవాళ్లు అతిథులవుతారు. మొత్తం పుస్తకంలో నాకు బాగా నచ్చిన పేజీలు అవే. అక్కడ భోజనం వర్ణన పెద్దగా లేదు.