నో సిగ్నల్ అంటే పాడైందని కాదు

అరకు లోయలో ఓ బడిలోనో, పర్యాటకులకు గదులిచ్చే ఇంట్లోనో గోడకు పెద్ద టీవీ, దాని కింద చిన్న కంప్యూటర్ ఉంటాయి. తెర మీద ‘నో సిగ్నల్’ అని పడగానే ముందు వినిపించే మాట ‘వైరు పోయింది’. కాసేపటికి ‘టీవీ పోర్టు కాలిపోయింది’, ఇంకాస్త ముదిరితే ‘కంప్యూటరే పోయింది’. ఏ పరీక్షా చేయకుండానే ఈ మూడు తీర్పులూ వచ్చేస్తాయి. విశాఖలో ఉన్నవాళ్లకు ఆ తొందరపాటుకయ్యే ఖర్చు మహా అయితే ఓ వైరు ధర. అరకు వాళ్లకు అదే అనంతగిరి ఘాటు దిగి, సుమారు 115 కిలోమీటర్లు పోయి, మళ్లీ ఎక్కి రావడం. ముంచింగిపుట్టు, పెదబయలు వైపు వాళ్లకు దారి ఇంకా పొడుగు. అందుకే ఏజెన్సీలో తెర మొరాయిస్తే మొదట కావాల్సింది కొత్త వస్తువు కాదు, తప్పు ఎక్కడుందో విడదీసి చూసే పద్ధతి అంటాను. దానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. తెర ఏం చూపిస్తోందో, ఎప్పుడు చూపడం మానేసిందో గమనించే ఓపిక ఉంటే చాలు.

హెచ్‌డీఎంఐ వైరు మూతిలో 19 పిన్నులుంటాయి. అన్నీ బొమ్మను మోసేవి కావు. వైరు గుచ్చగానే కంప్యూటర్ 18వ పిన్ను మీద 5 వోల్టులు పంపుతుంది. టీవీ 19వ పిన్ను మీద ‘నేనున్నాను’ అని బదులిస్తుంది. అప్పుడు 15, 16 పిన్నుల మీదుగా కంప్యూటర్ టీవీలో రాసిపెట్టి ఉన్న ఓ చిన్న పట్టికను చదువుకుంటుంది. ఈడీఐడీ అనే ఆ పట్టికలో మొదటి భాగం 128 బైట్లే. ఏ కంపెనీ టీవీ, ఎంత రిజల్యూషన్, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదు అన్న సంగతులు దాన్లో ఉంటాయి. సంతలో బేరం కుదిరాకే సరుకు చేతులు మారినట్టు, ఈ సంప్రదింపు ముగిశాకే బొమ్మ బయల్దేరుతుంది. కాబట్టి ‘నో సిగ్నల్’ అన్నది ఏదో కాలిపోయిందన్న కబురు కానక్కర్లేదు. టీవీ వేరే ఇన్‌పుట్ మీద ఉండొచ్చు, కంప్యూటర్ నిద్రపోతూ ఉండొచ్చు, పట్టిక చదవడం మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు.

లక్షణాలను బట్టి జాగా పట్టుకోవచ్చు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు కంపెనీ లోగో కనిపించి, విండోస్ వచ్చేసరికి తెర నల్లబడితే వైరును అనుమానించే ముందు సెట్టింగును చూడాలి. లోగోను తెచ్చిన వైరు పూర్తిగా తెగిపోయి ఉండదు కదా. విండోస్ మీటను పీతో కలిపి నొక్కి బొమ్మ ఏ తెరకు పోతోందో చూడాలి, రిజల్యూషన్ తగ్గించి చూడాలి. సెకనుకు 60 ఫ్రేముల 1080పీ బొమ్మకు వైరు సెకనుకు సుమారు 4.5 గిగాబిట్లు మోస్తే సరిపోతుంది. అదే వేగంతో 4కే కావాలంటే దాదాపు 18 గిగాబిట్లు మోయాలి. 1080పీలో నిలకడగా ఉండి 4కేలో తెల్లచుక్కలు మెరుస్తున్నా, బొమ్మ వస్తూ పోతూ ఉన్నా అప్పుడు వైరు మీద అనుమానం న్యాయమే. డెస్క్‌టాప్ బాగా ఉండి సినిమా ఒక్కటే నల్లగా వస్తుంటే కాపీ రక్షణ, అంటే హెచ్‌డీసీపీ, మధ్యలోని స్ప్లిటర్ దగ్గర బెసికి ఉండొచ్చు. అంచులు తెగిపోయి టాస్క్‌బార్ కనిపించకపోతే అది జబ్బే కాదు. పాత పిక్చర్‌ట్యూబు రోజుల అలవాటు కొద్దీ టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి చూపిస్తోంది, అంతే. పిక్చర్ సైజు మెనూలో ‘జస్ట్ స్కాన్’ అనో ‘స్క్రీన్ ఫిట్’ అనో ఉన్నదాన్ని ఎంచుకుంటే సర్దుకుంటుంది.

మార్చి చూడ్డానికి కొండ మీద రెండో టీవీ ఎక్కడిది అంటారు. సెట్‌టాప్ బాక్సు ఉంటే చాలు. అదే వైరును కంప్యూటర్ నుంచి తీసి బాక్సుకు పెట్టండి. బొమ్మ వస్తే వైరూ, టీవీలోని ఆ పోర్టూ బతికే ఉన్నాయి. అయితే బాక్సు పంపే బొమ్మ తేలిక కాబట్టి, ఆ వైరు 4కే కూడా మోస్తుందని దాన్నిబట్టి చెప్పలేం. ఒకసారి ఒక్కటే మార్చాలన్నది ఇక్కడ అసలు నియమం. వైరూ, పోర్టూ, రిజల్యూషనూ ఒకేసారి మార్చేస్తే తెర వెలిగినా ఏది పనిచేసిందో తెలియదు, రేపు మళ్లీ మొదటికే వస్తాం.

పీకి పెడితే వచ్చేదానికి ఇంత ఆలోచన ఎందుకన్నది మరో వాదం. నిజమే, చాలాసార్లు వస్తుంది. వైరు పీకినప్పుడు 19వ పిన్ను సంకేతం పడిపోయి, పెట్టగానే లేచి, సంప్రదింపు మళ్లీ మొదలవుతుంది. అంటే పీకి పెట్టడం కూడా ఓ పరీక్షే, ఫలితాన్ని చదువుకుంటే. టీవీ కంటే ముందు కంప్యూటర్ ఆన్ చేసిన రోజుల్లోనే గొడవ వస్తోందనుకోండి, వరస మారిస్తే పోతుంది. ‘రాస్ప్‌బెర్రీ పై’ అనే చిన్న కంప్యూటర్ల పాత బోర్డుల్లో టీవీ జవాబు రాకపోయినా ఉన్నట్టే భావించమని చెప్పే సెట్టింగు ఒకటి ఉంటుంది. ఇది అందరికీ ఎదురయ్యే చిక్కేనని తయారీదారులకూ తెలుసన్నమాట.

కొండ వాతావరణంలో వస్తువులు నిజంగానే పాడవుతాయి కదా అనే మాటను కొట్టిపారేయలేం. పొగమంచు రోజుల్లో చల్లబడిన పెట్టెను వెచ్చటి గదిలోకి తెస్తే లోపల చెమ్మ పడుతుంది, ఆరేదాకా కరెంటు ఇవ్వకూడదు. ఎర్తింగ్ లేని చోట టీవీ, కంప్యూటర్ల ఇనుప భాగాల మధ్య ఓల్టేజీ తేడా ఉండి, చెయ్యి తగిలితే జిల్లుమంటుంది. ప్లగ్గులు తీయకుండా వైరు గుచ్చితే ఆ తేడా పోర్టు వెనకున్న చిప్పును తినేయగలదు. పిడుగులప్పుడు కరెంటు ప్లగ్గుతోపాటు డిష్ కేబులు కూడా తీయాలి, ఆ దారినా దెబ్బ తగులుతుంది. ఇవన్నీ నా వాదానికి బలమే. విడదీసి చూసే అలవాటు ఉన్నవాడే నిజంగా కాలిన పోర్టును గుర్తుపట్టి, ఘాటు దిగేటప్పుడు ఏం తేవాలో రాసుకుని దిగుతాడు.

స్మార్ట్ టీవీలోనే అన్నీ ఉండగా కంప్యూటర్ ఎందుకనేవాళ్లు టవర్ సిగ్నల్ అందని ఊళ్లను లెక్కలోకి తీసుకోవడం లేదు. అక్కడ హార్డ్‌డిస్కులోని పాఠమే పాఠం. కువి భాషలోనో, ఆదివాసీ ఒడియాలోనో టీచరు సొంతంగా పాఠం తయారుచేసుకుంటే అది ఏ యాప్‌లోనూ దొరకదు. ఇక టీచరు మెకానిక్కా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు–నేడు’ పథకం తర్వాత ప్రభుత్వ బడుల్లోకి పెద్ద తెరలు వచ్చాయి. వాటి బాగోగుల బరువంతా టీచరు నెత్తిన పెట్టడం తప్పు. తెర బిగించినవాడే ఏ పోర్టు వాడాడో, ఏ రిజల్యూషన్ పెట్టాడో, ముందు ఏది ఆన్ చేయాలో తెలుగులో ఒక్క కాగితం మీద రాసి గోడకు అంటించి పోవాలి. ఆ కాగితం చేతికి రానిదే పని పూర్తయినట్టు సంతకం పెట్టకూడదు.