వేడి దించే విద్య

టెక్సాస్ ఆగస్టు ఎండల్లో ఇంట్లో బీరు కాచేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. మాల్టు రసంలో హాప్స్ వేసి గంటసేపు మరిగించడం పెద్ద పనేం కాదు. మరిగిన ఆ రసాన్ని, అంటే వోర్ట్‌ను, 100 డిగ్రీల నుంచి ఈస్టుకు హాయిగా ఉండే 20 డిగ్రీలకు దించడంలోనే ఉంది పనితనమంతా. అదీ త్వరగా! తాత్సారం చేస్తే అక్కర్లేని సూక్ష్మజీవులు చేరతాయి. ఉడికిన మొక్కజొన్న వాసన మిగిలిపోయినా మిగలొచ్చు.

చలిప్రాంతంలో అయితే రాగిగొట్టం చుట్టను గిన్నెలో దింపి, చుట్టలోకి కుళాయి నీళ్లు వదిలితే సరి. టెక్సాస్ ఎండల్లో కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ఐసును మొదట్లోనే తగలేయరు. వోర్ట్ సలసల కాగుతున్నప్పుడు ఆ నీళ్లకే వేడి గబగబా దిగుతుంది. 40 డిగ్రీల దగ్గర మొరాయించాక, మన ఎయిర్ కూలర్లలో ఉండేలాంటి చిన్న మోటారుతో బకెట్‌లోని ఐసునీళ్లను చుట్టలో తిప్పుతారు. శుభ్రం చేసిన గరిటెతో కలుపుతూనే ఉంటారు. లేకపోతే చుట్ట పక్కనున్నదే చల్లబడుతుంది. చుట్టలోంచి మొదట బయటికొచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. వాటిని పారబోయకుండా గిన్నెలు కడగడానికి పట్టుకునేవాళ్లంటే నాకు మరీ గౌరవం.

నీటికరువు చూసిన ఆస్ట్రేలియావాళ్లలో చాలామందిది ఇంకో దారి. వేడివేడి వోర్ట్‌ను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో గాలి లేకుండా నింపి, మూత బిగించి, రాత్రంతా వదిలేస్తారు. ఆ వేడికే డబ్బా లోపల శుభ్రమవుతుంది. వేడి నిలిచినకొద్దీ హాప్స్ చేదెక్కుతాయి కనుక, చివర్లో వేసేవాటి లెక్క మార్చుకోవాలి. నన్నడిగితే, నీళ్లకు కటకటలాడే ఊళ్లో ఈ పద్ధతే మేలు.