మోగించి చూడలేని కుండ

2011 వేసవిలో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకే కొట్టులో, ఒకే పూట రెండు ప్రాసెసర్లు కొన్నాం. రెండూ ఇంటెల్ కోర్ ఐ5-2500కె. ఒకటి నాకు, ఒకటి మా బావమరిదికి. ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగానికి మించి పరిగెత్తించే ఓవర్‌క్లాకింగ్ అంటే నాకు పిచ్చి. వాడికి ఎరువుల కొట్టు లెక్కలు ట్యాలీలో రాసుకోగలిగితే చాలు. అయినా "బావ కొన్నదే నాకూ కావాలి" అని పట్టుబట్టాడు. డబ్బాలు ఒకటే, రేటు ఒకటే, చిప్పు మూత మీది రాతా ఒకటే.

నాది 4.4 గిగాహెర్ట్జ్ దగ్గర మొండికేసింది. ఆ పైన ఎంత బతిమాలినా బ్లూ స్క్రీనే. తప్పు మదర్‌బోర్డుదో ప్రాసెసర్‌దో తేల్చుకుందామని ఒక ఆదివారం వాడి చిప్పు ఊడదీసి నా బోర్డులో పెట్టాను. నాది 4.4కి తాగిన వోల్టేజ్ కన్నా తక్కువలోనే అది 4.7 దగ్గర నింపాదిగా నడిచింది. రాత్రి పదింటికి దాన్ని మళ్లీ వాడి కంప్యూటర్‌లో బిగించి ఇచ్చేశాను. వాడిది చవక హెచ్61 బోర్డు. అందులో వేగం పెంచే తలుపే ఉండదు. కొట్లో దొరికిన మేలిరకం చిప్పు కంపెనీ ముద్ర వేసిన 3.3 దగ్గర యూరియా బస్తాలు లెక్కపెడుతూ కూర్చుంది.

ఈ విద్యలో ఉన్నవాళ్లు దీన్ని సిలికాన్ లాటరీ అంటారు.

ప్రాసెసర్ గడియారం కొట్టే తాళానికి పని చేస్తుంది. 4.4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 440 కోట్ల దెబ్బలు. ఒక దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య కాంతి కూడా ఏడు సెంటీమీటర్లు దాటదు. ఆ వ్యవధిలోనే చిప్పులో ఒక చివర బయల్దేరిన సంకేతం ట్రాన్సిస్టర్లన్నీ దాటుకుని చేరాల్సిన చోటికి చేరాలి. అలాంటి దారులు లెక్కలేనన్ని. పదిమంది కలిసి తిరుమల మెట్లెక్కుతుంటే గుంపు కొండ మీదికి చేరేది ఆఖరివాడు చేరినప్పుడే కదా, ఇదీ అంతే. వంద కోట్ల దాకా ట్రాన్సిస్టర్లున్న చిప్పు వేగాన్ని అన్నిటికన్నా నిదానమైన ఆ ఒక్క దారి నిర్ణయిస్తుంది.

ఆ దారి ఒక చిప్పులో చురుగ్గా, పక్క చిప్పులో మందకొడిగా ఎందుకుంటుంది? ఇటుకల బట్టీ చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నడిమధ్య కాలినవి ఒక రకం, అంచుల్లో కాలినవి ఒక రకం. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న గుండ్రటి సిలికాన్ పళ్లెం మీద ఇలాంటి చిప్పులు రెండు వందలకు పైగా ఒక్కసారే తయారవుతాయి. మధ్యలోవాటికీ అంచునున్నవాటికీ గీతల వెడల్పులో, పొరల మందంలో వెంట్రుకలో లక్షో వంతు తేడా వచ్చినా గుణం మారిపోతుంది. కంపెనీ ప్రతి చిప్పునూ పరీక్షించి, బట్టీ యజమాని ఇటుకలు ఏరినట్టు ఏరి, తరగతులుగా విడదీస్తుంది. 3.3 అని ముద్ర వేసిందంటే, ఆ తరగతిలో అన్నిటికన్నా నీరసమైన చిప్పు కూడా, ఉక్కపోసే గదిలో, డబ్బాతో వచ్చిన చిన్న ఫ్యాను కింద, ఏళ్ల తరబడి 3.3 నడవాలి. కాబట్టి మిగతావాటిలో ఎంతో కొంత మిగులు ఉండి తీరుతుంది. కూరగాయలమ్మే ఆమె వేసే కొసరు లాంటిదది. ఎంత వేసిందో మాత్రం చెప్పదు. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి, ఖంగుమంటేనే తీసుకుంటాం. సీలు వేసిన డబ్బాలోని చిప్పును అలా మోగించి చూడటం కుదరదు.

ఈ కొసరు ఒకప్పుడు ఎంత ఉండేదో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1998 ఆగస్టు 24న ఇంటెల్ సెలెరాన్ 300ఎ అనే చవక ప్రాసెసర్‌ను 149 డాలర్లకు విడుదల చేసింది. అదే రోజు వచ్చిన పెంటియమ్ టూ 450 ధర 669 డాలర్లు. ప్రాసెసర్ తనకు బయటి నుంచి అందే బస్ వేగాన్ని ఎన్ని రెట్లు చేసుకుంటుందో అదే గుణకం. 300ఎ గుణకం 4.5కి బిగించి ఉండేది. నకిలీగాళ్లు తక్కువ వేగం చిప్పుల మీద ఎక్కువ వేగం ముద్ర కొట్టి అమ్ముతున్నారనీ, అందుకే ఈ తాళాలనీ కంపెనీ చెప్పుకుంది. అయితే తాళం గుణకానికే. మదర్‌బోర్డు నుంచి వచ్చే బస్ వేగం 66 మెగాహెర్ట్జ్‌ని 100 చేస్తే అదే 4.5 గుణకం మీద 300 కాస్తా 450 అవుతుంది. చాలా చిప్పులు మారుమాట్లాడకుండా 450లో నడిచాయి. పైగా ఖరీదైన పెంటియమ్ టూ క్యాషె మెమరీ బయట వేరే చిప్పుల్లో, సగం వేగంతో నడిచేది. తొందరపెడితే ముందు అదే చతికిలబడేది. 300ఎ క్యాషె 128 కిలోబైట్లే అయినా ప్రాసెసర్ లోపలే, దానితో సమాన వేగంతో ఉండేది. పేదవాడి చిప్పు పెద్దింటి చిప్పును పట్టుకున్నది అందుకే.

అబిట్ బీహెచ్6 బోర్డు ఉన్నవాళ్లకు ఇదంతా బయోస్‌లో ఒక మెనూ మార్చడంతో సరి. లేనివాళ్లు ప్రాసెసర్ కార్డు అంచున ఉండే బీ21 అనే బంగారు పట్టీ మీద సన్నని టేపు ముక్కో, గోళ్ల రంగో వేసేవాళ్లు. ఆ ఒక్క పట్టీ మూసుకుపోతే బోర్డు ఇది 100 మెగాహెర్ట్జ్ సరుకే అనుకునేది. 2000లో ఏఎండీ థండర్‌బర్డ్, డ్యూరాన్ చిప్పుల కాలానికి గోళ్ల రంగు పోయి పెన్సిల్ వచ్చింది. చిప్పు పైన ఎల్1 అని రాసి ఉండే చోట తెగ్గొట్టిన సన్నని వారధులు ఉండేవి. మామూలు బడి పెన్సిల్‌తో వాటిని కలిపితే గ్రాఫైట్ గుండా కరెంటు పారి గుణకం తాళం ఊడేది. మరుసటి ఏడాది అథ్లాన్ ఎక్స్‌పీలో ఆ వారధుల మధ్య లేజర్‌తో గుంతలు తవ్వారు. పెన్సిల్ ఓడిపోయింది.

ఆ తర్వాత కంపెనీలు తాళం చెవికే ధర కట్టాయి. 2500కె చివరి అక్షరం అదే. గుణకం విప్పి ఉన్నదని అర్థం, దానికి కాస్త ఎక్కువ రేటు. దొంగతనంగా చేసే పనిలో ఉన్న రుచి నాకు ఆ కొన్న తాళం చెవిలో కనబడలేదు కానీ, సౌకర్యంగా ఉన్నమాట నిజం.

ఇక పనితనం. గుణకం ఒక్క మెట్టు పెంచాలి, విండోస్ లేచిందా చూడాలి, పరీక్ష నడపాలి. నిలబడితే ఇంకో మెట్టు. పడిపోతే వోల్టేజ్ 0.01 పెంచి మళ్లీ మొదటికి. ఇంత నీరసంగా వినిపించే పనిలో ఎన్ని రాత్రులు పోయాయో మా ఇంట్లోవాళ్లనడగాలి. వోల్టేజ్ పెంచితే ట్రాన్సిస్టర్ చురుగ్గా మారుతుంది, నిదానమైన దారీ అడుగు వేగం చేస్తుంది. దానికి చెల్లించేది వేడి రూపంలో. వేడి వేగంతో పాటు పెరిగి ఊరుకోదు, వోల్టేజ్ వర్గంతో కూడా పెరుగుతుంది. 3.3 నుంచి 4.5కి పోవడానికి 1.2 వోల్టులను 1.35 చేశామనుకోండి. వేగం 36 శాతం పెరిగితే వేడి 73 శాతం పెరుగుతుంది. అత్యాశకు ఇంత కచ్చితమైన లెక్క మరెక్కడా దొరకదు.

బోరు మోటారు వేయగానే ఇంట్లో బల్బు మసకబారడం అందరికీ తెలుసు. ప్రాసెసర్‌కీ అదే బాధ. ఖాళీగా ఉన్నప్పుడు 1.35 చూపించే వోల్టేజ్, నాలుగు కోర్ల మీదా బరువు పడగానే జారిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి బయోస్‌లో లోడ్ లైన్ కాలిబ్రేషన్ అని ఒక మీట ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని చివరిదాకా తోసేస్తారు. బరువు దిగిన క్షణంలో వోల్టేజ్ పైకి ఎగిరి చిప్పును కొడుతుందని వాళ్లకు అప్పటికి తెలియదు. నేనూ తోసినవాడినే.

అన్నిటికన్నా తిప్పలు పెట్టేది "నిలబడింది" అన్న మాట. మెషీన్ లేవకపోతే తెలుస్తుంది. బ్లూ స్క్రీన్ వస్తే తెలుస్తుంది. చప్పుడు లేకుండా ఒక కూడిక తప్పు చేస్తే? అది పట్టుకోవడానికే ప్రైమ్95. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేటకు రాసిన ప్రోగ్రాం ఇది. సమాధానం ముందే తెలిసిన లెక్కలు ఇచ్చి, ప్రాసెసర్ చెప్పినదానితో సరిచూస్తుంది. 0.4 కన్నా తక్కువ ఉండాల్సిన తేడా 0.5 వచ్చిందని ఎర్ర గుర్తుతో ఒక కోర్ ఆగిపోతుంది. మిగతా మూడు తిరుగుతూనే ఉంటాయి, పాటలు వస్తూనే ఉంటాయి, మౌస్ కదులుతూనే ఉంటుంది. అబద్ధం చెప్పడం మొదలుపెట్టిన యంత్రం బయటికి ఇంత మామూలుగా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్‌లో విండోస్ లేచిన బొమ్మ ఒకటి పట్టుకుని తిరిగేవాళ్లను నేను లెక్కలోకి తీసుకోను. అది తీగ మీద నిలబడి ఫొటో దిగడం. తీగ మీద నడిచారా లేదా అన్నది ప్రైమ్95 ఎనిమిది గంటలు నడిచాక చెబుతుంది.

మన ఎండలు ఈ ఆటలో ఎప్పుడూ ఎదుటి పక్షమే. ఎంత మంచి హీట్‌సింక్ అయినా, నీళ్ల కూలర్ అయినా చిప్పును గది వేడి కన్నా కిందికి దించలేదు. దానికి తెలిసింది గది వేడి మీద ఇన్ని డిగ్రీలు అనే లెక్కే. జనవరి రాత్రి గదిలో 22 ఉన్నప్పుడు 67 చూపించిన చిప్పు, మే నెలలో గది 40కి చేరితే 85 చూపిస్తుంది. సంక్రాంతికి నిలబడ్డ సెట్టింగు రోహిణి కార్తెలో కూలబడటం నాకు అలవాటే. థర్మల్ పేస్టు కందిగింజంత చాలన్నా వినక వెన్న పూసినట్టు పూసినవాళ్లకు ఇంకా త్వరగా అలవాటవుతుంది.

వేడితో ఇలా లెక్కలు వేసుకోలేనివాళ్లు ద్రవ నైట్రోజన్ పోస్తారు. మైనస్ 196 డిగ్రీలు. ప్రాసెసర్ మీద రాగి గొట్టం నిలబెట్టి, ఫ్లాస్కుతో కొంచెం కొంచెంగా ఒంపుతారు. చుట్టూ తేమ మంచుగా పేరుకుని బోర్డు షార్ట్ కాకుండా వాసెలిన్ పులుముతారు. కొన్ని చిప్పులు మరీ చల్లబడితే అసలు లేవవు, కాస్త కాచి లేపాలి. 2011లో ఏఎండీ ఎఫ్ఎక్స్-8150 ద్రవ హీలియం కింద 8.429 గిగాహెర్ట్జ్ చేరి గిన్నిస్‌కెక్కింది. 9 దాటడానికి మరో పదకొండేళ్లు పట్టింది. 2022 చివర్లో స్వీడన్‌కు చెందిన ఎల్మోర్ అనే ఓవర్‌క్లాకర్ ఇంటెల్ 13900కెతో ఆ గీత దాటాడు. ఇలాంటివాళ్లు చిప్పును అదృష్టానికి వదలరు. గంపెడు చిప్పులు పరీక్షించి మేలైనదాన్ని పక్కన పెట్టుకుంటారు. కుండ మోగించి కొనడమే ఇది, కాకపోతే ముందు కొట్టునంతా కొనేయాలి.

అంత స్తోమత లేనివాళ్ల కోసం అమెరికాలో సిలికాన్ లాటరీ పేరుతోనే ఒక వ్యాపారం నడిచింది. చిప్పులు కొని, పరీక్షించి, ఇది ఇంత వేగానికి నిలబడుతుందని హామీ రాసి, మేలైనవాటిని ఎక్కువ ధరకు అమ్మేవాళ్లు. 2021లో మూతపడింది. కొసరు తగ్గిపోవడమే అందుకు కారణమని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు చిప్పు తన వేడి, తన కరెంటు తానే చూసుకుంటూ, వీలున్న ప్రతి క్షణం తన హద్దు దాకా తానే పరిగెత్తుతుంది. మనం రాత్రుళ్లు కూర్చుని వెతికిన మిగులును కంపెనీ డబ్బా మీదే అచ్చేసి అమ్ముతోంది. హద్దు దగ్గర కాపురం ఎంత ప్రమాదమో కంపెనీలకూ తెలిసొచ్చింది. 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కూలిపోతుంటే, మైక్రోకోడ్ అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుని, వారంటీ రెండేళ్లు పొడిగించింది.

అందుకే ఇప్పుడు విద్య తిరగబడింది. వేగం పెంచడం మాని వోల్టేజ్ తగ్గించడం మొదలుపెట్టారు. ఏఎండీ 2020లో తెచ్చిన కర్వ్ ఆప్టిమైజర్‌తో ఒక్కో కోర్‌కు విడివిడిగా కోత పెట్టవచ్చు. ఒకే చిప్పులో ఒక కోర్ మైనస్ 30 మెట్ల దాకా ఓర్చుకుంటుంది, పక్కది మైనస్ 8కే చేతులెత్తేస్తుంది. లాటరీ పోలేదు, చిప్పు లోపలికి దూరింది. మన వాతావరణానికి ఈ కొత్త పద్ధతే నప్పుతుందని నా అభిప్రాయం. అదే పని తక్కువ వేడితో అయిపోతుంటే మే నెలలో ఎవరికి చేదు?

డబ్బు ఆదా కోసం ఓవర్‌క్లాక్ చేయమని 1998లో చెప్పడం సబబే. ఇప్పుడు నేను ఎవరికీ చెప్పను. మంచి కూలర్, మంచి బోర్డు పెట్టే ఖర్చుతో పై తరగతి చిప్పే వస్తుంది. మరి ఎందుకీ గోల అంటారా? నా చిప్పుకు 4.4 దగ్గర ఎంత వోల్టేజ్ కావాలో, ఏ కోర్ ముందు తప్పు చెబుతుందో దాన్ని తయారుచేసినవాళ్లకూ తెలియదు. వాళ్లు తరగతినే ఎరుగుదురు. ఈ ఒక్క ముక్కను ఎరిగినవాణ్ని నేను.

ఆ రోజుల్లో మా బావమరిదిని చాలాసార్లు అడిగాను, "ఒరే, మార్చుకుందాం, నీకెలాగూ తేడా తెలియదు" అని. "నువ్వు ఇంత అడుగుతున్నావంటే అందులో ఏదో ఉంది బావా, నేనివ్వను" అన్నాడు. నేను ఎంత అడిగితే అంత బిగించాడు.

ఏళ్లు గడిచే కొద్దీ నా చిప్పు అలసిపోయింది. ఎక్కువ వోల్టేజ్‌లో నడిచిన చిప్పుల్లో లోహపు తీగలు లోలోపలే అరుగుతాయి. 4.4 నిలబడక 4.2కి దించాను. మొన్న మే నెలలో బావమరిది కంప్యూటర్ మార్చి, పాత ప్రాసెసర్‌ను కర్పూరం డబ్బాలో పెట్టి తెచ్చాడు. "ఇదిగో, నీ లాటరీ టికెట్" అన్నాడు. అన్నేళ్లూ 3.3 దగ్గరే ఉండటం వల్ల అది ముసలిదవ్వలేదు. పాత బోర్డులో పెట్టి, పేస్టు రాసి, గుణకం 47 కొట్టి ప్రైమ్95 పెట్టాను. గదిలో 39 డిగ్రీలు. ఫ్యాను హోరులో మాటలు వినబడటం లేదు. వాడు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. గంట దాటింది. ఉష్ణోగ్రత 83. నాలుగు కోర్లలో ఒక్కటీ తప్పు చెప్పలేదు.

వాడు తెర వైపు వంగి, నా భుజం మీద తట్టాడు. "ఇంకొక్కటి పెంచి చూడు బావా."